గవ్వలు పడ్డాక చూద్దాం

సంభావ్యత పాఠానికి పుస్తకాల్లో నాణెం, పాచిక, పేకముక్కలు ఉంటాయి. పేకలో రాణులెన్నో పిల్లలకు ముందే తెలిసుంటే ఇంట్లో నాన్నకే ఇబ్బంది. నేను మాత్రం నా ఎనిమిదో తరగతి చేత అష్టాచెమ్మా పందేలు వేయిస్తాను.

ఒకవైపు తెల్లబడేదాకా గచ్చుకు అరగదీసిన చింతగింజలు నాలుగు చాలు. ఎన్ని తెలుపులు పడితే అంత పందెం. నాలుగూ తెలుపైతే చెమ్మ, ఒక్కటీ పడకపోతే అష్ట. వేసేముందు బోర్డు మీద లెక్క కడతాం. తెలుపూ నలుపూ సమానంగా పడతాయనుకుంటే మొత్తం 16 రకాలు. రెండు తెలుపులు వచ్చేవి 6, అష్ట ఒక్కటే. అంటే వంద పందేల్లో అష్ట ఆరేడుసార్లు రావాలి.

ఇక గుంపులుగా కూర్చుంటారు. ఒకరు వేస్తే ఒకరు అరుస్తారు, ఇంకొకరు గీతలు పెడతారు. నాలుగు నిలువు, అయిదోది అడ్డం. గీతలు పెట్టేవాడికి కాపలా కూడా కావాలి. తన జట్టుకు అష్ట పడగానే సంబరంలో రెండు గీతలు లాగేస్తాడు. దత్తాంశం చెడేది సాధారణంగా అక్కడే. గచ్చుమీద సుద్దముక్కతో కమ్మీలు గీస్తే మధ్యలో ఎత్తు, అటూఇటూ వాలు. బోర్డు మీది లెక్కతో అచ్చంగా సరిపోయే జట్టు మాత్రం ఉండదు.

అసలు గొడవ గవ్వలు ఇచ్చాక మొదలవుతుంది. గవ్వకు వీపు ఉబ్బు, పొట్ట చీలిక. ఆ 16 రకాల లెక్క ఇక్కడ చెల్లదు.

"మరెలా కట్టాలి సార్?"

"కూర్చుని కట్టలేం. వేసి చూడాల్సిందే."

ఫస్టు ర్యాంకు పిల్లలకే ఇది బొత్తిగా నచ్చదు, జవాబు పుస్తకం చివర ఉండదు కదా. సిలబస్ వెనకబడుతుందని తోటి మాస్టార్లూ సణుగుతారు. ఒక పీరియడ్ పోయే మాట నిజమే. పోనీ.

వేసి చూడడం ఆటకే కాదు, పంటకూ ఉంది. పంట కోత ప్రయోగం పల్లెపిల్లలు చూసినదే. వరిచేలో అయిదు మీటర్ల చదరం కొలిచి, కోసి, నూర్చి తూకం వేస్తారు. ఆ చదరం ఎక్కడో రైతు చూపించకూడదు, ఉద్యోగి ఎంచుకోకూడదు. యాదృచ్ఛిక సంఖ్యలే తేల్చాలి. 1930ల్లో బెంగాల్ జనపనార పంట అంచనాకు గణాంకవేత్త మహలనోబిస్ చేయించినవీ నమూనా సర్వేలే.

"మంచి మడి చూపిస్తే ఏం పోయింది సార్?" అన్నాడొకడు.

"దిగుబడి ఎక్కువని పంట బీమా పోద్దిరా!" అంది వెనక బెంచీ అమ్మాయి.

"అయితే పాడైన మడే చూపిద్దాం."

రెండో పీరియడ్ దానిమీదే పోయింది.