నిరాయుధీకరణకు గ్రాంటు: సొమ్ము ఎవరిది, ప్రశ్న ఎవరిది?

బాంబులు చేయించే ప్రభుత్వమే బాంబుల నియంత్రణకు గ్రాంటులు కూడ ఇస్తున్నదంటే, గిల్లి జోలపాడినట్లున్నదే అనిపిస్తుంది. కాని సామెత చెప్పి తప్పుకోవటం విమర్శ కాదు. ఆ సొమ్ము చేసిన మేలేమిటి, ఆ సొమ్ము అడగనివ్వని ప్రశ్న ఏమిటి అన్నవి రెండూ విడదీసి చూడాలి. మేలును కాదనేవాడికి ప్రశ్న అడిగే అర్హత ఉండదు.

మేలు సంగతి ముందు చూద్దాం. 1991 చివర సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమవుతున్న రోజుల్లో శామ్ నన్, రిచర్డ్ లూగర్ అనే ఇద్దరు సెనేటర్ల చొరవతో అమెరికన్ కాంగ్రెసు ఒక చట్టం చేసింది. సోవియట్ అణ్వస్త్రాలను భద్రపరచటానికీ, ధ్వంసం చేయటానికీ రక్షణశాఖ నిధులనుంచి 40 కోట్ల డాలర్లదాకా వాడుకోవచ్చునన్నది. తరువాతి సంవత్సరాలలోనూ ఈ పని సాగింది. 1994లో కజకిస్తాన్‌లోని ఉస్త్-కమెనగోర్స్క్‌నుంచి దాదాపు 600 కిలోల శుద్ధిచేసిన యురేనియం అమెరికాకు తరలిపోయింది. 1996 ముగిసేలోగా కజకిస్తాన్, ఉక్రెయిన్, బెలారస్ దేశాలలో సోవియట్ అణ్వస్త్రమంటూ మిగలలేదు. ఇందులో గ్రాంటు పాత్ర చిన్నది కాదు.

ఆయుధాలతోబాటు మనుషులు కూడ ఉన్నారు గదా! జీతాలు అందని అణుశాస్త్రజ్ఞులు తమ విద్యను ఎవరికి అమ్ముకుంటారోనన్న భయంతో అమెరికా, యూరప్, జపాన్, రష్యా కలిసి 1992లో ఒక అంతర్జాతీయ శాస్త్ర, సాంకేతిక కేంద్రానికి ఒప్పందం చేసుకున్నవి. 1994లో అది మాస్కోలో పని మొదలుపెట్టి, యుద్ధేతర పరిశోధనలకు గ్రాంటులిచ్చింది. ఆ సాయం ఎంత అవసరమో, ఎంత చాలనిదో ఒక్క చావు చెబుతుంది. 1996 అక్టోబరులో చెల్యాబిన్‌స్క్-70 అణ్వస్త్ర కేంద్రం డైరెక్టరు వ్లదీమిర్ నెచాయ్, తన కేంద్రంలోనివారికి నెలల తరబడి జీతాలివ్వలేని స్థితిలో, తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. ఒక వ్యవస్థ కూలి, మరొకటి బజారు పేరుతో లేచినప్పుడు, శాస్త్రజ్ఞుడి ఆకలి అతని సొంత ప్రభుత్వానికి పట్టలేదు. పరాయి ప్రభుత్వానికి పట్టింది. అయితే ఆకలిగా కాదు, ప్రమాదంగా.

అసలు విషయం ఇక్కడే ఉన్నది. గ్రాంటు డబ్బుతోబాటు మాటను కూడ ఇస్తుంది. ‘నిరాయుధీకరణ’ అన్న మాట ఉన్న చోట ‘వ్యాప్తి నిరోధం’ వచ్చి కూర్చున్నది. మొదటి మాటకు అర్థం ఎవరి దగ్గరా బాంబు ఉండరాదని. రెండవదానికి, ఇంకెవరి దగ్గరా ఉండరాదని. 1968లో సంతకాలకు పెట్టిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో రెండూ ఉన్నవి. నిరాయుధీకరణకు చిత్తశుద్ధితో సంప్రదింపులు జరపాలని ఆరవ అధికరణం చెబుతున్నది. కాని ఖజానా తలుపు ఎక్కువగా తెరుచుకున్నది రెండవ మాటకే.

లెక్కలు చూడండి. అమెరికా అణుబలగాన్ని నడపటానికీ, కొత్తది చేయటానికీ 2017నుంచి 2046దాకా 1.2 లక్షల కోట్ల డాలర్లు కావాలని ఆ దేశపు కాంగ్రెసు బడ్జెటు కార్యాలయం 2017లో అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 4,000 కోట్లు. 1991నాటి 40 కోట్లు అందులో నూరోవంతు. డాలరు విలువ మారిందనవచ్చు. ఎంత మారినా తరాజు ఎటు మొగ్గిందో కనబడుతూనే ఉన్నది. 2010లో న్యూ స్టార్ట్ ఒప్పందాన్ని సెనేటుచేత ఒప్పించటానికి ఆనాటి ప్రభుత్వం అణ్వస్త్ర కర్మాగారాలకు పదేళ్లలో దాదాపు 8,500 కోట్ల డాలర్లు పెడతానన్నది. ఆయుధాలు తగ్గించే ఒప్పందానికి ఆయుధశాలే వెల కట్టింది!

ప్రభుత్వం సొమ్ము ముట్టినవాడల్లా అమ్ముడుపోయినట్లేనా? కాదు. స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థను 1966లో స్వీడిష్ పార్లమెంటు నెలకొల్పింది. ఏటా ప్రభుత్వపు గ్రాంటు అందుకుంటూనే అది అన్ని అణురాజ్యాల ఆయుధాలనూ లెక్కగడుతున్నది, ఆయుధాలు ఎగుమతిచేసే దేశాల పట్టికలో స్వీడన్ పేరును కూడ అచ్చువేస్తున్నది. స్వీడన్‌కు అణుబాంబు లేదు కనుక ఆ పరీక్ష సులభమైనదే అనవచ్చు. అయినా ఒక కొలబద్ద దొరికింది: దాత ఇంటి లెక్కకూడ తీయగలిగే పరిశోధనే స్వతంత్రమైన పరిశోధన.

ఈ కొలబద్ద మనకూ వర్తిస్తుంది. 1968 ఒప్పందం అసమానమని మన ప్రభుత్వం సంతకం చేయలేదు. ఆ వాదంలో న్యాయమున్నది. కాని 1974లోనూ 1998లోనూ పోఖ్రాన్‌లో పేలుళ్లు జరిపిన తరువాత ఆ న్యాయాన్నే వల్లించి ఊరుకోవటం చాలదు. మన విశ్వవిద్యాలయాలు నడిచేదీ ప్రజలు కట్టిన పన్నుతోనే. ఆ పన్ను పేరు మారి గ్రాంటు అయినంతమాత్రాన అది పాలకుల దానం కాదు. ప్రజల సొమ్ము తిన్న అధ్యాపకుడు ప్రజల ప్రశ్న అడగటం కృతఘ్నత కాదు, బాకీ తీర్చటం. పరాయివాడి బాంబును లెక్కపెట్టటానికి గ్రాంటు ఎప్పుడూ దొరుకుతుంది. మనవాడి బాంబును లెక్కపెట్టేవాడికి దొరికిన రోజున, ఆయుధ నియంత్రణ ఉద్యోగం కాకుండా ఉద్యమం అవుతుంది.