జెండా మీది అక్షరాలు ఎవరివి?

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌ల పక్కనే బంజారాహిల్స్ ఉంది. ఒకప్పుడు అక్కడ బంజారాలు ఉండేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. పేరు మిగిలింది, వాళ్లు మిగల్లేదు. ఆ చుట్టుపక్కల తయారైన సినిమాల్లోనూ చాలాకాలం మన పరిస్థితి అదే. ఈకలు, పూసలు, ఒంటికి పూసిన నల్లరంగు, నవ్వించడానికో కోయదొర, హీరో చుట్టూ చిందులేసే గుంపు. వేషం మనది, కథ మరొకరిది.

2022లో వచ్చిన రాజమౌళి సినిమా 'ఆర్ఆర్ఆర్' ఆ పద్ధతిని కొంత మార్చింది. గోండు పిల్ల మల్లిని దొరలు ఎత్తుకుపోవడంతోనే కథ మొదలవుతుంది. జూనియర్ ఎన్టీఆర్ వేసిన భీం పాత్ర హీరో వెనక నడిచే తోడు కాదు, తనూ హీరోనే. కొరడా దెబ్బలు తింటూ మోకరిల్లని భీం కోసం సుద్దాల అశోక్ తేజ రాసిన పాట మన పిల్లల నోళ్లలో నానింది. ఇవన్నీ ఒప్పుకోవాల్సిందే.

అయితే చివరి ఘట్టం చూడండి. నీకేం కావాలని రామరాజు అడుగుతాడు. తనవాళ్లకు చదువు కావాలంటాడు భీం. అప్పుడు రామరాజు జెండా మీద 'జల్, జంగల్, జమీన్' అని రాస్తాడు. థియేటర్లో చప్పట్లు మోగే చోటు ఇది. మనం ఆగి ఆలోచించాల్సిన చోటు కూడా ఇదే. జోడేఘాట్ కేంద్రంగా పోరాడి 1940లో ప్రాణమిచ్చిన కొమురం భీం పేరుతోనే ఆ నినాదాన్ని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. అది ఆయన ఎవరినో అడిగి తెచ్చుకున్నది కాదు. ఆయన చాందా వెళ్లి అచ్చుయంత్రం దగ్గర పనిచేస్తూ చదువు నేర్చుకున్నాడని మన ప్రాంతంలో చెప్పే కథ. పైగా ఆ నేలకు అక్షరం కొత్త కాదు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపిలోని చేతిరాత ప్రతులు దొరికాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది.

ఇది కల్పిత కథ కదా, చరిత్ర పాఠం కాదు కదా అంటారు. నిజమే, అల్లూరి, భీం కలిసినట్టు చరిత్రలో లేదు. కలపడం కథకుడి స్వేచ్ఛ. కానీ స్వేచ్ఛ ఉన్నప్పుడే ఎంపిక బయటపడుతుంది. ఇద్దరూ ఒకరికొకరు నేర్పుకున్నట్టు చూపించవచ్చు. అడవి, నీరు, భూమి గురించి రామరాజుకు భీం చెప్పవచ్చు. బలం ఆదివాసీది, బుద్ధి బయటివాడిది అన్న పాత పంపకాన్నే సినిమా ఎంచుకుంది.

ఇలాంటి పంపకం మన దగ్గరే లేదు. 1960లో అమెరికా రచయిత్రి హార్పర్ లీ రాసిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' నవల అక్కడి బడుల్లో ఏళ్ల తరబడి పాఠంగా ఉంది. కథాకాలం 1930లు. నల్లవాళ్లు కోర్టులో పై బాల్కనీలో విడిగా కూర్చోవాల్సిన రోజులు. చేయని నేరానికి నల్లజాతి కూలీ టామ్ రాబిన్సన్‌కు శిక్ష పడుతుంది. అతని తరఫున వాదించిన తెల్ల లాయరు అట్టికస్ పాఠకుల గుండెల్లో దేవుడయ్యాడు. టామ్ మంచివాడని మనకు తెలుస్తుంది, జాలి కలుగుతుంది. కానీ అతని కోపం, అతని ఇంట్లో రాత్రిపూట జరిగే మాటలు మనకు వినపడవు. కథ చెప్పేది లాయరు కూతురు. రచయిత్రి మనసు మంచిదే. ఆమె కూర్చున్న చోటు నుంచి కనిపించింది అంతే.

మనకు మిగిలింది చూసే పని, చెప్పే పని. ఉపాధ్యాయులు తరగతిలో ఈ సినిమా మాట వచ్చినప్పుడు పిల్లలను మూడు ప్రశ్నలు అడగవచ్చు: మాట ఎవరిది? నిర్ణయం ఎవరిది? చివర్లో ఇచ్చే చెయ్యి ఎవరిది, పుచ్చుకునే చెయ్యి ఎవరిది? తర్వాత అల్లాణి శ్రీధర్ తీసిన 'కొమురం భీం' చూపించండి. 1990 నాటి ఆ సినిమా థియేటర్లకు వచ్చేసరికి 2010 అయింది. ఆ ఇరవై ఏళ్ల గురించి కూడా పిల్లలు ప్రశ్నించాలి. భీం కథను ఇంట్లో తాత ఎలా చెబుతాడో రాసుకు రమ్మనండి. గోండిలో రాస్తే ఇంకా మంచిది. రేపు ఫిల్మ్‌నగర్ మెట్లెక్కే మన కుర్రవాడి చేతిలో ఆ కాగితాలు ఉండాలి.