బెణికిన కాలు, తెలిసిన చెయ్యి

గోదావరిఖనిలో మనిషి కుంటుతూ ఎదురైతే పరామర్శ ఇట్లా మొదలవుతుంది: "ఏమైంది తమ్మీ, బాయిల పడ్డవా, బయట పడ్డవా?" బాయి అంటే ఇక్కడ బొగ్గుగని. "బాయిలనే కాకా, స్లీపర్ మీద కాలు మలిగింది" అంటాడు అతను. వెంటనే పక్కనున్న నలుగురూ నాలుగు చిరునామాలు చెబుతారు. ఫలానా కాలనీలో ఒకాయన ఉన్నాడు, చెయ్యి పెడితే చాలు, మూడు రోజుల్లో నడిపిస్తాడని.

ఆ నమ్మకం వట్టిది కాదు. తరాల అనుభవం అందులో ఉంది. దానిలో కొంత మేలైనదని నేటి ఫిజియోథెరపీ కూడా తన దారిన తాను వచ్చి ఒప్పుకుంది. ఇంకొంత మాత్రం కాలికి కీడే చేస్తుంది. రెంటినీ విడదీసి చూస్తే తేలే సంగతి ఒకటుంది: బెణుకు పట్టే చేతికి బలం కన్నా ముందు రోజుల లెక్క తెలియాలి.

భూగర్భ గనిలో నేల చదునుగా ఉండదు. రాలిన బొగ్గు పెళ్లలు, బురద, బొగ్గు టబ్బులను లాగే హాలేజీ తాడు, ఆ టబ్బులు నడిచే పట్టాలు, వాటి కింద అడుగడుగునా స్లీపర్లు. టోపీకున్న లైటు కళ్లు చూసినవైపే పడుతుంది, పాదం పడేచోటు చాలాసార్లు చీకటే. షిఫ్టుకు దిగేటప్పుడు డిప్పు అనే పల్లపు వాలు, ఎక్కేటప్పుడు రైజు అనే ఎగువ వాలు. దిగేటప్పుడు ఒళ్లు బరువంతా ముందుకు తూలుతుంది. ఎక్కేటప్పుడు మోకాలు పాదం మీదుగా ముందుకు వంగితేనే అడుగు పడుతుంది. చీలమండ బిగుసుకుపోయినవాడికి ఈ రెండోదే నరకం.

గాయాలకు చట్టం కూడా ఒక తూకం పెట్టింది. 1952 నాటి గనుల చట్టం ఎముక విరిగితే దాన్ని తీవ్ర గాయమంది. అంత తీవ్రం కాకపోయినా 72 గంటలు, అంతకు మించి మనిషిని పనికి దూరం చేస్తే దాన్ని నివేదించాల్సిన గాయమంది. చీలమండ బెణుకు చాలాసార్లు ఈ 72 గంటల గీత మీదే వచ్చి నిలబడుతుంది. మూడోనాటికి బూటు తొడగాలన్న ఆరాటం ఎవరికైనా ఉంటుంది, మస్టర్‌లో హాజరు పడకపోతే కూలి పడని బదిలీ కార్మికుడికైతే మరీను. చిక్కంతా ఇక్కడే ఉంది. బెణికిన చోటు జోలికి గట్టి చెయ్యి పోకూడనిది కూడా సరిగ్గా ఆ మొదటి మూడు రోజులే.

ఇళ్లలో సాగే వైద్యం ముందు చూద్దాం. చింతపండు, ఉప్పు కలిపి ఉడికించి, గోరువెచ్చగా పట్టు వేస్తారు. పసుపు, సున్నం రంగరించి పూస్తారు. వావిలాకు వేసి మరిగించిన నీళ్లతో కాపడం పెడతారు. జిల్లేడాకుకు ఆముదం రాసి సెగ చూపించి కడతారు. వీటిని పూర్తిగా తీసిపారేయనక్కర్లేదు. పట్టు ఆరి బిగుసుకునేసరికి కాలు కదలకుండా ఉంటుంది. గుడ్డకట్టు వాపును అదుముతుంది. కానీ వేడి మొదటి రోజే తగిలితే తెగిన సన్న రక్తనాళాల నుంచి ఇంకా రక్తం కారి వాపు పెరుగుతుంది. అదే కాపడం వారం తర్వాతైతే బిగిసిన పిక్కకు హాయి. ఆకులో దోషం లేదు, పెట్టిన రోజులోనే ఉంది.

ఇంటి వైద్యం దాటితే చెయ్యి తిరిగిన మనుషులు. హైదరాబాద్ పాతబస్తీలో తాలింఖానాల పహిల్వాన్లు తరాలుగా బెణుకులు సరిచేస్తున్నారు. కుస్తీలో దెబ్బ తగిలినవాడికి పక్కనున్న వస్తాదే వైద్యుడు కావడం సహజం. రాయలసీమలో పుత్తూరు కట్టు ఎముకలకు పేరు మోసింది. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తొక్కించుకోవడం తెలుగు ఊళ్లన్నిటికీ తెలిసిన ఆనవాయితీ. బొగ్గుబాయి కాలనీల్లో చెయ్యి చూసే పెద్దమనుషులు ఇలాంటి దారుల నుంచి నేర్చుకున్నవాళ్లే. వాళ్లు చెప్పే మాట అందరికీ తెలుసు: "నరం మీద నరం ఎక్కింది."

నిజానికి నరమేదీ ఎక్కదు, ఎముకా జరగదు. పాదం లోపలివైపు మడతపడ్డప్పుడు చీలమండ బయటివైపు ఎముకను పాదానికి కట్టిపట్టే లిగమెంట్లు సాగుతాయి, కొన్నిసార్లు తెగుతాయి. అక్కడ మూడున్నాయి. అన్నిటికన్నా ముందువైపున్నది బలహీనమైనది, బెణుకుల్లో మొదట దెబ్బతినేదీ అదే. వేలికి తాడులా తగిలేది ఆ పక్కనే సాగే కండరాల స్నాయువు, అంటే కండను ఎముకకు అతికే తాడు. వాపులో అది కదిలితే నరం ఎక్కినట్టే అనిపిస్తుంది. చెయ్యి చూసేవాళ్ల వేలు అబద్ధం చెప్పడం లేదు, పేరు మాత్రమే వేరు.

ఈ చోటు ఎంత నాజూకైనదో మన పాత వైద్యానికి తెలుసు. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మాల్లో పాదమూ పిక్కా కలిసేచోటున్న గుల్ఫ మర్మం ఒకటి. దానికి దెబ్బ తగిలితే నొప్పి, పాదం బిగుసుకోవడం, కుంటు మిగులుతాయని ఆయన చెప్పాడు. బెణుకు వచ్చి ఆర్నెల్లైనా రైజు ఎక్కలేని మనిషి కాలు చూసి రాసినట్టే ఉంటుందా వర్ణన.

మొదటి రోజు చేతితో చేయాల్సిన పని రుద్దడం కాదు, వెతకడం. 1992లో కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ అనే వైద్యుడి బృందం కొన్ని సులువైన గుర్తులు ప్రకటించింది. చీలమండ రెండువైపులా పొడుచుకొచ్చిన ఎముకల వెనక అంచును కింది నుంచి ఆరు సెంటీమీటర్ల మేర వేలితో నొక్కాలి. పాదం బయటి అంచున మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముకను, లోపలివైపు వంపులో ఉన్న ఎముకను కూడా నొక్కాలి. ఎముక మీదే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలిన వెంటనే, చూపించుకునేటప్పుడు కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు. బాయి మీది ప్రథమ చికిత్స గదిలోనైనా, యైటింక్లయిన్ కాలనీ అరుగు మీదైనా చేయొచ్చు. విరిగిన ఎముకను బెణుకనుకుని గుంజినప్పుడే నాటువైద్యానికి చెడ్డపేరు వచ్చింది. కట్టు గట్టిగా బిగించడం రెండో పొరపాటు. వేళ్లు చల్లబడినా, నీలం తిరిగినా, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రాకపోయినా కట్టు అక్కడికక్కడే విప్పాలి.

విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తుగా పెట్టడం అన్న సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చింది అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్. ఐసూ పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేయొచ్చని 2014లో తన మాట తానే దిద్దుకున్నారు. మొదటి రెండు మూడు రోజులు కాలిని కాపాడుకోవడం, ఆపైన నొప్పి ఒప్పినంత బరువు మోపడం ఇప్పటి పద్ధతి.

అప్పుడు వస్తుంది చేతి వంతు.

బెణికిన చీలమండ బిగుసుకోవడానికి పాదం పైభాగంలో ఉండే టాలస్ అనే ఎముక కీలకం. మోకాలు ముందుకు వంగినప్పుడు అది రెండు కాలి ఎముకల నడుమ కాస్త వెనక్కి జారాలి. బెణుకు తర్వాత ఆ జారుడు తగ్గుతుంది. ఫిజియోథెరపిస్టు మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మడమను మంచం అంచు దాటించి, పిక్క కింద మడిచిన తువ్వాలు పెడతారు. ఒక చెయ్యి కాలి ఎముకలను కదలనీయదు. రెండో చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న వంపు సరిగ్గా చీలమండ ముందు మడత మీద, టాలస్ పైన ఆనుతుంది. అక్కడినుంచి కిందికి, మంచం వైపు, మెల్లని ఊపు. ఒత్తి వదలడం, ఒత్తి వదలడం, సెకనుకు రెండుమూడుసార్లు. పక్కనుంచి చూసేవాళ్లకు ఏమీ జరుగుతున్నట్టే ఉండదు. చిటుక్కుమన్న చప్పుడు రాదు, మనిషి కేక పెట్టడు. ఈ ఊపులను కదలిక ఎంతమేరకో, ఎక్కడిదాకా వెళ్తుందో దాన్ని బట్టి నాలుగు మెట్లుగా విడగొట్టినవారు ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ మెయిట్‌లాండ్. 2001లో ఆస్ట్రేలియా పరిశోధకులే తాజా బెణుకుల మీద దీన్ని పరీక్షించారు. మామూలు చికిత్సకు ఈ ఊపులు తోడైనవాళ్లకు పాదం నొప్పి లేకుండా పైకి వంగడానికి తక్కువ సిట్టింగులే పట్టాయి.

న్యూజిలాండ్‌కు చెందిన బ్రయాన్ మల్లిగన్ పద్ధతి గనిమనిషికి ఇంకా దగ్గర. ఇందులో రోగి పడుకోడు. బెణికిన కాలు బల్ల మీద పెట్టి నిలబడతాడు. అతని పిక్క కింది భాగం చుట్టూ తిప్పిన బెల్టు చికిత్స చేసేవారి నడుముకు ఉంటుంది. వారు చేతులతో టాలస్‌ను పట్టి ఉంచి, ఒంటితో వెనక్కి ఒరిగి కాలి ఎముకను ముందుకు లాగుతుంటే, రోగి తనంతట తాను మోకాలు వంచి ముందుకు వాలతాడు. రైజు ఎక్కే కదలికే అది. ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది: చేస్తున్నప్పుడు నొప్పి అస్సలు ఉండకూడదు. ఉంటే పట్టు మార్చాలి, లేదా ఆపాలి. "నొప్పి ఓర్చుకో, అప్పుడే పోతది" అంటూ పెరిగిన మనకు ఇది వింతగా తోస్తుంది కానీ, కాలు నమ్మకంతో కదలడం నేర్చుకునేది ఈ కట్టుబాటు వల్లే.

నూనెతో మర్దనకూ చోటుంది. నువ్వులనూనెతో వేళ్ల దగ్గర మొదలుపెట్టి పిక్క వైపు తేలిగ్గా నిమిరితే వాపు నీరు పైకి నడుస్తుంది. గాయపడ్డ లిగమెంటు మీద బొటనవేలు దించి నలపడం మాత్రం మొదటి రోజుల్లో వద్దు.

చేతులు చేయలేనిది ఒకటుంది. లిగమెంటు దెబ్బతిన్నప్పుడు పాదం ఏ వాలులో ఉందో మెదడుకు చేరవేసే సంకేతాలూ దెబ్బతింటాయని, అందుకే కాలు మళ్లీ మళ్లీ మలుగుతుందని 1965లో బ్రిటన్‌లో ఎం.ఏ.ఆర్. ఫ్రీమన్ అనే వైద్యుడు వాదించారు. ఊగే చెక్కల మీద నిలబడే సాధన అప్పటినుంచే ఊపందుకుంది. మడతపెట్టిన దుప్పటి మీద ఒంటికాలిపై నిలబడి పళ్లు తోముకున్నా అదే సాధన. చీకట్లో స్లీపర్ల మీద నడిచేవాడు కళ్లు మూసుకుని కూడా నిలబడగలగాలి.

ఈ సాధన ఆటగాళ్లకూ అక్కరకొచ్చేదే. ఇక్కడి బొగ్గుగనుల సంస్థ సింగరేణిలో కార్మికుల క్రీడలకు ప్రత్యేకంగా ఒక సంఘమే ఉంది. గోదావరిఖని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఆటలాడే కార్మికుల పిల్లలున్నారు. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని పట్టే పట్లలో ముఖ్యమైనదే చీలమండ పట్టు. పట్టు విడిపించుకునే గుంజులాటలో ఆ కీలు ఎంత నలుగుతుందో ఆడినవాళ్లకు తెలుసు.

కాలు మళ్లీ బాయికి సిద్ధమైందో లేదో క్వార్టర్ గోడ దగ్గరే తెలుస్తుంది. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించాలి. తాకుతున్నకొద్దీ పాదం వెనక్కి జరుపుతూ, మడమ లేవకుండా ఆఖరుసారి తాకినచోట బొటనవేలి ముందు నేల మీద సుద్దముక్కతో గీత గీయాలి. మంచి కాలి గీత గోడకు ఎంత దూరంలో ఉంటుందో, బెణికిన కాలి గీత మొదట్లో అంతకన్నా రెండు మూడు వేళ్లు ముందే ఆగిపోతుంది. చికిత్స సాగినకొద్దీ అది వెనక్కి జరుగుతుంది. పహిల్వాన్ చెయ్యి పెట్టినా, ఫిజియోథెరపిస్టు బెల్టు వేసినా గీత జరిగిందా లేదా అన్నదే అడగాలి. రెండు గీతలూ పక్కపక్కకు వచ్చాక, ఆ కాలి మీద ఒంటిగా నిలబడి అటక మీది సామాను అందుకోగలిగిన రోజున, బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెట్టుకోవచ్చు.