బో ప్లాన్ మిల్లు యాత్ర – ఒక పరిశీలన

ఆదివారం వస్తే బిర్యానీ గిన్నె, చాపలు, పిల్లాజెల్లా అందరినీ బస్సులో ఎక్కించుకుని సముద్రపు ఒడ్డుకు పోవడం మన మారిషస్ వాళ్ళకు పాత అలవాటు. ఇప్పుడు ఆ విహారాల పట్టికలో ఫ్యాక్టరీలు కూడా చేరాయి. పాంప్లెమూస్ తోట చూడబోయినవాళ్ళు పక్కనే బో ప్లాన్‌లో ఉన్న 'లావాంత్యూర్ ద్యు సుక్ర్' అనే చక్కెర మ్యూజియంలోకీ తొంగిచూసి వస్తున్నారు. దక్షిణాన బ్వా షెరీకి పోయినవాళ్ళు తేయాకు వాడబెట్టడం మొదలు పొట్లం కట్టడం దాకా చూసి, చెరువును చూస్తూ కూర్చుని టీ రుచి చూసి వస్తున్నారు. మన యువజనులు, మహిళలు కలిసి ఇలాంటి చోట్లకు పోవడం సంతోషించదగిన సంగతే. అయితే ఒక నాటకాన్నీ, ఒక కథనూ విమర్శించినట్టే ఇటువంటి యాత్రనూ విమర్శించవచ్చునని మా అభిప్రాయం. అదీ ఒక కథే కదా! దానికీ ఒక నాయకుడు, ఒక నడక, ఒక ముగింపు ఉన్నాయి.

ముందుగా మంచి చెప్పుకుందాం. బో ప్లాన్‌లో 1797 నుంచి చక్కెర తీశారు. 1999లో మిల్లు ఆగిపోయింది. 2002లో ఆ కట్టడాన్నే మ్యూజియంగా తెరిచారు. ఇనుమును తూకానికి అమ్ముకోకుండా పెద్ద యంత్రాలను ఉన్నచోటనే ఉంచారు, పొగగొట్టాన్నీ నిలిపారు. ఇది చిన్న విషయం కాదు. 1858 ప్రాంతంలో ఈ దీవిలో 250కి పైగా చక్కెర మిల్లులు ఉండేవి. నేడు నడుస్తున్నవి మూడే మూడు. తక్కిన వాటిలో చాలావాటికి చెరకు తోటల నడుమ ఒంటరిగా నిలబడ్డ రాతి పొగగొట్టమే గుర్తు. బానిసల గురించీ, 1834 నుంచి ఓడల్లో వచ్చిన కూలీల గురించీ ఇక్కడ చెప్పారు. ఆ చరిత్ర దాచారని ఎవరైనా అంటే అన్యాయం.

మా ఆక్షేపణ వేరు. చరిత్ర ఒక గోడ మీద ఉంది, యంత్రం ఇంకొక చోట ఉంది. రెండూ కలుసుకోవు. యంత్రాల దగ్గరికి వచ్చేసరికి కథానాయకుడు చక్కెరే అయిపోతుంది. చెరకు వస్తుంది, నలుగుతుంది, రసం కారుతుంది, సున్నం తగిలి తేటపడుతుంది, మరుగుతుంది, చిక్కబడుతుంది, పలుకు కడుతుంది, గిర్రున తిరిగి మడ్డి వేరవుతుంది. ఫ్యాక్టరీ యాత్రల భాషే అంత, ఏ దేశంలోనైనా, ఏ సరుకైనా. అన్నీ తమంతట తాము జరిగిపోతాయి. మన తెలుగులో 'మరుగుతుంది' అనడం వేరు, 'మరిగిస్తాడు' అనడం వేరు. మొదటి మాటలో మనిషి అక్కరలేదు. రెండో మాటలో మనిషి లేకపోతే వాక్యమే నిలవదు. యాత్ర పొడుగునా మనకు వినిపించేది ఆ మొదటి రకం మాటే.

పాకం సంగతే చూడండి. మిల్లులో అన్నిటికంటె నేర్పు కావలసిన పని అది. పూర్వం వరుసగా పెట్టిన తెరపి బానల్లో రసం కాచే రోజుల్లో, వేడి పాకాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి, తీగ ఎంత సాగిందో చూసి దించేవారు. ఒక్క నిమిషం ఆలస్యమైతే పాకం ముదిరిపోయేది. తరువాత గాలి తీసిన మూత బానలు వచ్చాయి. లోపల గాలి ఒత్తిడి తగ్గించడం వల్ల తక్కువ వేడికే రసం మరుగుతుంది, చక్కెర మాడదు. అప్పుడు కూడా మనిషి అవసరం పోలేదు. పాకం పట్టేవాడు ఒక కడ్డీతో లోపలి పాకాన్ని కాస్త బయటికి తీసి, గాజు పలక మీద పరిచి, వెలుగుకు ఎత్తిపట్టి పలుకు ఎంత పెరిగిందో కంటితో నిర్ణయించేవాడు. నూరు టన్నుల చెరకు నుంచి వచ్చే చక్కెర సుమారు పది టన్నులే. ఆ పది టన్నులు సరిగ్గా చేతికి రావడం, మడ్డిలో కలిసి పోకుండా ఉండడం ఆ కంటి మీదా ఆధారపడింది. బానను చూపించి, దాని కొలతలు చెప్పి, ఆ కంటి మాట ఎత్తకపోతే ఆ గది సగమే చూసినట్టు. లేతపాకం, తీగపాకం, ముదురుపాకం తెలిసిన మన ఆడవాళ్ళకు ఈ విద్య ఒక్క క్షణంలో బోధపడుతుంది. అరిసెలు వండే మనిషికి ఆ బాన పక్కన నిలబడి చెప్పడానికి బోలెడంత ఉంటుంది!

ఇంకొకటి. ఆగిపోయిన మిల్లు చల్లగా ఉంటుంది, నిశ్శబ్దంగా ఉంటుంది, శుభ్రంగా ఉంటుంది. నిజం మిల్లు అలా ఉండదు. జూన్‌లో కోత మొదలైతే సంవత్సరం చివరిదాకా రాత్రింబవళ్ళు నడుస్తుంది. కోసిన చెరకును ఒకటి రెండు రోజుల్లో ఆడకపోతే చక్కెర శాతం పడిపోతుంది. అందుకని తోటలో కత్తికీ, మిల్లులో రోలరుకూ ఒకే తొందర. పిప్పి మండే వేడి, ఆవిరి, పులిసిన రసం వాసన, చెవులు దిమ్మెక్కే రొద – ఇవేవీ పలకల మీద రాయడానికి వీలుకానివి. బ్వా షెరీలో పరిస్థితి దీనికి తలకిందులు. అక్కడ వాసన ఉంది, రొద ఉంది, పని చేసే మనుషులూ కళ్ళ ఎదుటే ఉన్నారు. కాని చూడవచ్చినవాళ్ళం వాళ్ళ చేతుల కేసి చూస్తామే గాని పేరు అడగము. ఆకు కోసే ఆడవాళ్ళయితే మన బస్సు బయలుదేరకముందే తోటలో దిగి ఉంటారు.

ముగింపు రెండు చోట్లా ఒకటే: రుచి చూడడం, ఆ తరువాత కొట్టు. రకరకాల ముడి చక్కెరలు నాలుక మీద వేసుకుంటే పిల్లలకు పండుగే. మేమూ రుచి చూశాము, బాగున్నాయి. బో ప్లాన్‌లో ఉన్న భోజనశాల పేరు 'ఫాంగురిన్'. అది మన క్రియోల్‌లో చెరకు రసానికి పేరు. ఆ మాట పలికిన నోళ్ళు ఎవరివో కూడా ఒక పలక మీద రాస్తే ఎంత బాగుండేది!

మన తీరులోనూ ఒక వింత ఉంది. నవంబరు 2న పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్‌కు పోయి ఆ పదహారు మెట్ల దగ్గర తలవంచుతాము. అది న్యాయమే. కాని మన పూర్వీకులు ఆ డిపోలో గడిపింది సుమారు రెండు రోజులు. చెరకు తోటలో, 'లిజిన్' అని మనం పిలిచే మిల్లులో గడిపింది జీవితమంతా. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసింది తోటలోనే గాని మెట్ల మీద కాదు. బో ప్లాన్‌కు మాత్రం తినుబండారాల డబ్బాతో పోయి ఫొటోలు తీసుకుని వస్తాము. అదే పాంప్లెమూస్ జిల్లాలో బెల్‌వ్యూ అరెల్ ఉంది. 1943 సెప్టెంబరు 27న కూలి పెంచమని అడిగిన కార్మికుల మీద పోలీసులు అక్కడ కాల్పులు జరిపారు. చనిపోయిన నలుగురిలో అంజలై కుప్పన్ గర్భవతి. ఆమె పేరిట ఆటల మైదానం ఉంది, బెల్‌వ్యూలో నేటికీ మిల్లు నడుస్తోంది. చక్కెర మ్యూజియం చూసిన బస్సు ఆ రోడ్డున పది నిమిషాలు ఆగితే యాత్ర పాడైపోదు.

మిల్లు మూసినప్పుడు నలభై ఏళ్ళున్నవాడికి ఇప్పుడు అరవై దాటింది. అరవై ఉన్నవాళ్ళలో ఎందరు మిగిలారు? ఏ గొట్టం దగ్గర చెయ్యి కాలేదో, రాత్రి వంతులో ఎవరు ఏ భజన అందుకునేవారో తెలిసినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు ఇంకా ఉన్నారు. వాళ్ళు నోరు విప్పకుండా పోతే మార్గదర్శి వల్లించే పాఠమే మిగులుతుంది. ఆ పాఠం ఫ్రెంచిలో ఉంటుంది, ఇంగ్లీషులో ఉంటుంది. పిప్పి, తెట్టు, పాకం, మడ్డి అనే మాటలు అందులో ఉండవు. మన పిల్లలకు 'బగాస్' తెలుసు, 'పిప్పి' తెలియదు.

ఈ మాటలు చదివే సంఘాల కార్యదర్శులకు మా విన్నపం ఒకటే. ఈసారి బస్సు మాట్లాడేటప్పుడు ముందు వరుసలో రెండు సీట్లు పాత మిల్లు కార్మికులకు ఉంచండి. మార్గదర్శి చెప్పవలసింది చెప్పనివ్వండి. ఆయన ముగించాక పాకం బాన దగ్గర ఆ పెద్దలను ఒక పావుగంట మాట్లాడనివ్వండి. ఎవరైనా ఒక కుర్రవాడు ఆ మాటలు తెలుగులో రాసుకుని మాకు పంపితే ఈ పుటల్లో చోటు ఇస్తాము.