రింగు కింద పొట్టివాళ్ల విద్య

బాస్కెట్‌బాల్ రింగు నేలకు 10 అడుగుల ఎత్తున ఉంటుంది. 5 అడుగుల 6 అంగుళాల కుర్రాడు చేయి పైకి చాపితే 7 అడుగులు దాటుతుంది, అంతే. మిగతా ఎత్తులో తనకన్నా పొడుగైన డిఫెండర్ చేతులు కాచుకుని ఉంటాయి. అందుకే శంషాబాద్ వైపు బడి కోర్టులైనా, నగరంలోని మైదానాలైనా, పొట్టి పిల్లలకు తొందరగా ఒక పని అంటగట్టేస్తారు: బంతి తెచ్చి పొడుగువాడికి అందించడం. ఇది ఆ పిల్లలకు జరిగే అన్యాయమని నా గట్టి నమ్మకం. 5 అడుగుల 9 అంగుళాల ఐజయా థామస్ 2016–17లో ఎన్‌బీఏ జట్టు బోస్టన్ తరఫున మ్యాచ్‌కు సగటున 28.9 పాయింట్లు చేశాడు. వాటిలో రింగు దగ్గరికి దూసుకెళ్లి సంపాదించినవీ ఉన్నాయి.

బ్లాక్ చేసేవాడు మన అడుగులు లెక్కపెడతాడు. కుడిచేతి లేఅప్‌కి, అంటే పరుగెత్తుకొచ్చి రింగు దగ్గర ఎగిరి వేసే షాట్‌కి, కుడికాలు, ఎడమకాలు, ఆపైన ఎగరడం. ఆ రెండో అడుగు పడగానే వాడూ లేస్తాడు. ఎడమకాలి కోసం ఆగకుండా కుడికాలి మీదే లేచి, కుడిచేత్తోనే బంతి వదిలేస్తే? వాడి లెక్క తప్పుతుంది, చేయి పైకి వచ్చేసరికి బంతి వెళ్లిపోయి ఉంటుంది. చూడ్డానికి తప్పటడుగులా ఉంటుంది కాబట్టి కొందరు కోచ్‌లు దిద్దేస్తారు. దిద్దకండి, నేర్పించండి.

రెండో దారి రివర్స్ లేఅప్. రింగు కిందుగా అవతలి పక్కకు దాటి, వెనక్కి తిరిగి వేయడం. అప్పుడు రింగూ వలా డిఫెండర్ చేతికి అడ్డుగోడలవుతాయి. బోర్డును వాడుకోవడంలో ఇంకో లాభం ఉంది: షాట్ బోర్డుకు తగిలాక, రింగుకన్నా పైన ఉన్నంతసేపు దాన్ని ఎవరూ ముట్టకూడదు. డిఫెండర్ ముడితే పాయింట్లు మనకే. బోర్డు మీద పైకి, త్వరగా తగిలించగలిగితే నిబంధనే మన పక్షాన నిలబడుతుంది.

ఇక ఫ్లోటర్. సెంటర్ ఆటగాడు ముందుకు రాకముందే, రెండు మూడు మీటర్ల దూరం నుంచి, మణికట్టు విదల్చకుండా అరచేత్తో మెత్తగా పైకి వదలాలి. 6 అడుగుల 2 అంగుళాల టోనీ పార్కర్ ఈ షాట్‌తో మహాకాయుల మధ్య ఏళ్ల తరబడి నెగ్గుకొచ్చాడు. 2007 ఎన్‌బీఏ ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడూ అతనే.

అయితే మన ఆరుబయట కోర్టుల్లో ఫ్లోటర్‌కు గాలి శత్రువు. వానాకాలంలో శంషాబాద్ చుట్టుపక్కల కోర్టుల మీద పడమటి గాలి వీస్తుంది. ఎత్తుగా, నెమ్మదిగా పోయే బంతిని అది ఇట్టే పక్కకు నెడుతుంది. అలాంటి సాయంత్రాల్లో ఫ్లోటర్‌ను కాస్త కిందుగా బోర్డుకు కొట్టించడం, లేదా మొదట భుజంతో డిఫెండర్ ఒంటికి ఆనుకుని వాడు స్వేచ్ఛగా ఎగరకుండా చేసి లేఅప్ వేయడం మేలు. ఆనుకోవడం వరకే, నెడితే ఫౌల్.

సాధనకు ఖర్చేమీ లేదు. ఒకరు రింగు ముందు పొడుగాటి చీపురు ఎత్తి పట్టుకుంటే చాలు, దాని మీదుగా, పక్కగా, కిందుగా బంతి వేయాలి. రోజూ సగం షాట్లు ఎడమచేత్తోనే వేయించండి. ఒక చేత్తోనే ముగించే పిల్లవాణ్ని డిఫెండర్ రెండో మ్యాచ్‌కే పసిగట్టేస్తాడు.