పట్టీ మీద ఎలుక

రోజూ పరుగెత్తేవారికి దమ్ము ఎలా పెరుగుతుందన్న ప్రశ్నకు జవాబు చాలాకాలం గుండెలోనూ ఊపిరితిత్తుల్లోనూ వెతికారు. కండరం లోపల ఏం మారుతుందో తేలాలంటే కండరమే చేతికి రావాలి. మనిషి తొడలోంచి సూదితో ముక్క తీసే పద్ధతి 1960లలో వాడుకలోకి వచ్చినా, దొరికేది చిటికెడే. ఎలుకలో అయితే పిక్క కండరం మొత్తం దొరుకుతుంది, ఎలుక ప్రాణం ఖరీదుగా.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జాన్ హొలోజీ 1967లో ప్రచురించిన ప్రయోగం ఇలాంటిదే. అంతకుముందు ఎలుకలను రోజూ అరగంట ఈదించి చూసినవారికి కండరంలో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. హొలోజీ మోతాదు పెంచాడు. ఎత్తుగా వంచిన ట్రెడ్‌మిల్ మీద నిమిషానికి 31 మీటర్ల వేగం, మధ్యమధ్య ఇంకాస్త ఉరుకు, చివరికి రోజుకు రెండు గంటలు. పన్నెండు వారాల తర్వాత పిక్కలో ఆక్సిజన్‌ను వాడుకునే మైటోకాండ్రియా ఎంజైముల సత్తా దాదాపు రెట్టింపైంది. సాధన లేని ఎలుకలు సుమారు అరగంటకే చతికిలబడితే, సాధన చేసినవి మూడు గంటలు నిలిచాయి. ఈతలో తేలనిది పరుగులో తేలింది. తేడా ఎలుకలో లేదు, పెట్టిన కష్టంలో ఉంది. తర్వాత మనుషుల తొడ ముక్కల్లోనూ ఇదే ధోరణి కనిపించింది.

అన్నీ ఇలా కలిసిరావు. ఎలుక కండరంలో అతి వేగంగా ముడుచుకునే ఒక రకం పోగులు దండిగా ఉంటాయి. మనిషి కాళ్లలో ఆ రకం కనపడదు. కాబట్టి మైటోకాండ్రియా లెక్క నప్పినంత మాత్రాన కండ పెరిగే లెక్క కూడా నప్పాలని లేదు.

ఇంకో చిక్కు పరుగెత్తించే తీరులోనే ఉంది. చాలా ట్రెడ్‌మిల్‌లలో పట్టీ వెనక చిన్న కరెంటు కడ్డీలుంటాయి. ఎలుక వెనకబడితే కాళ్లకు షాక్ తగులుతుంది. అప్పుడు రక్తంలో కనిపించే ఒత్తిడి హార్మోన్లు పరుగువా, భయానివా అన్నది విడదీయడం కష్టం. ట్రెడ్‌మిల్ బదులు చక్రం ఇస్తే ఎలుక ఇష్టంగా ఎక్కి తిరుగుతుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు ఆరుబయట పెట్టిన చక్రాలెక్కి అడవి చుంచెలుకలు కూడా తమంతట తామే పరుగెత్తాయని 2014లో వెల్లడైంది. కానీ చక్రంలో ఎంత వేగం, ఎంతసేపు అన్నది ఎలుక ఇష్టం. మోతాదు పరిశోధకుడి చేతిలో ఉండదు.

పైగా ఎలుక రాత్రి తిరిగే జీవి. పగటి ప్రయోగమంటే నిద్రలోంచి లేపి పరుగెత్తించడమే. అందుకని కొన్ని ప్రయోగశాలల్లో రాత్రి దీపాలు వెలిగించి, పగలు ఆర్పి, ఎలుక కంటికి అంతగా ఆనని ఎర్ర వెలుతురులో పని చేస్తారు.