సరుగుడు కొమ్మకు లక్క బంతి

డిసెంబరు వస్తే మన జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో సరుగుడు కొమ్మే క్రిస్మస్ చెట్టు. దానికి వేలాడేవి మాత్రం ఎక్కువగా తళుకు పూత పూసిన ప్లాస్టిక్ బంతులు. ఒక్క పండక్కే పూత పెచ్చులూడి, మరుసటి ఏడు చెత్తకుప్పలోనో సముద్రపొడ్డునో తేలే ఆ సరుకును అలంకారం అనడానికి మనసొప్పదు. ఇక గాజు బంతుల ఆచారం జర్మనీలోని లౌషా గ్రామంలో 1847 ప్రాంతంలో మొదలైందంటారు. ఇప్పుడు ఇళ్లలో తెల్లగాజు బంతి లోపల ఆల్కహాల్ ఇంకు చుక్కలు వేసి, మెరుపుపొడి చల్లి తయారుచేస్తున్నారు. అదీ అసలైన చేతిపనే. గాజు రంగును పీల్చుకోదు కాబట్టి, ఇంకులోని స్పిరిట్ ఆవిరయ్యేలోపే బంతిని తిప్పి ఒక రంగును మరో రంగు అంచున ఆపాలి. క్షణం ఆలస్యమైతే మరక, తొందరపడితే బురద. అయితే ఆ ఇంకులు చాలావరకు ఎండ తగిలితే వెలిసిపోతాయి, గాజేమో జారితే ముక్కలవుతుంది.

మన కొమ్మకు తగినది ఏటికొప్పాక ఊరి పనివారు కర్రతో చేసే లక్క బంతి. సరుగుడు రెమ్మ సన్నం, బరువుకు వంగిపోతుంది. ఈ బంతికి వాడే అంకుడు కర్ర తేలిక, మెత్తన, ఉలికి చక్కగా లొంగుతుంది. అక్కడి నగిషీ పనివారి చేతిలో కుంచె ఉండదు. లేత్ మీద గిర్రున తిరిగే కర్రకు రంగు లక్క ఆనిస్తే రాపిడి వేడికే అది కరిగి పట్టుకుంటుంది. వెంట్రుకంత గీతల్ని ఒకదాని పక్కన ఒకటి కలవకుండా నిలపడం చూస్తే ఎంత పొగిడినా తనివి తీరదు! ఆపైన మొగలి ఆకుతో ఒత్తితే నిగ్గు తేలుతుంది. ఉద్దానం కంచెల్లో, ఇసుక దిబ్బల మీద పెరిగే మొగలే అది. కాబట్టి ఈ కళ మన జిల్లాది కాదు కదా అన్న మాటకు మన కంచే సమాధానం. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులను మళ్లీ లక్కలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది.

గాజులోంచి వెలుగు పారుతుంది, కర్రలోంచి పారదు కదా అంటారు. నిజమే. కానీ లక్క మీద వెలుగు నిలుస్తుంది, చిన్న దీపానికే లోపలినుంచి వచ్చినట్టుంటుంది. వేడికి మెత్తబడుతుంది కాబట్టి కొవ్వొత్తికి దూరంగా కట్టాలి. ధర ఎక్కువన్నదీ నిజమే. పిల్లల చేతుల్లో పడ్డా పగలని బంతి ఎన్ని పండుగలకు వస్తుందో లెక్కేసుకుంటే ఆ మాట నిలవదు. అసలు బాధ అంకుడు కర్ర దొరకకపోవడం. దానికి తోడు, రసాయనపు రంగు పులిమిన నకిలీలు ఏటికొప్పాక పేరుతో అమ్ముడుపోవడం. కొనేవాడు పేరు చూసి మోసపోతే, తయారుచేసేవాడు లేత్ ఆపేస్తాడు. చర్చి యువజనులకు నా విన్నపం ఒక్కటే: డిసెంబరులో బజారుకు పరుగెత్తకండి, అక్టోబరులోనే పనివారికి నేరుగా చెప్పి చేయించుకోండి.